రెండు గడులు

ఆ ఏడు సెతూబల్‌లో నాకు దొరికిన పని
ఫోన్ చేసి మనుషుల్ని ప్రశ్నలడగడం.
కాగితం మీద రెండు గడులు.
ఎడమ పక్క నష్టం, కుడి పక్క లాభం.
ఒక్కో జవాబుకు ఒక్క టిక్కు,
ఒక్కో మనిషికి పన్నెండు నిమిషాలు.

సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలో
ముప్పై ఏళ్ళు చేపల తలలు కోసిన బెన్విందా
"లాభమా!" అని నవ్వింది.
నవ్వు దగ్గులోకి జారి
చాలాసేపు అక్కడే ఉండిపోయింది.
"వాసన పోయిందమ్మా నాకు.
ఎన్ని సబ్బులు అరగదీసినా వదలని చేప కంపు
ఒక్క జ్వరంతో వదిలింది.
దాని వెంటే కాఫీ వాసనా పోయింది,
బీరువాలో మా ఆయన కోటు వాసనా పోయింది.
ఆయన పోయి ఆరేళ్ళు.
కోటు మొన్నటిదాకా ఉన్నట్టే లెక్క."
ఏ గడిలో పెట్టమంటావంటే
"నీ ఇష్టం, చదువుకున్నదానివి" అంది.

సాదూ నది మీద ఫెర్రీ నడిపే ఎర్కులాను
నీళ్ళు తేటపడ్డాయన్నాడు.
డాల్ఫిన్లు తిరిగొచ్చాయా అని అడిగాను ఉత్సాహంగా.
"అవెక్కడికీ పోలేదు. చూసే తీరిక నాకే లేదు.
తీరిక వచ్చింది, జీతం రాలేదు.
రాసుకో" అని
ఒక్కో మాటా విడదీసి
మళ్ళీ చెప్పాడు, బడిపిల్లకు చెప్పినట్టు.

జుల్మీరా గొంతు తగ్గించి మాట్లాడింది.
మొగుడు లారీ డ్రైవరు.
"పందొమ్మిదేళ్ళ కాపురంలో మొదటిసారి
ఆయన్ను వరసగా రెండు నెలలు పగటి వెలుతుర్లో చూశాను.
మంచివాడే.
కానీ ఇన్నేళ్ళూ నేను ఇష్టపడింది
ఆయన రాకను, ఆయన్ను కాదు."
నష్టమా, లాభమా అండీ?
"ష్! పక్క గదిలోనే ఉన్నాడు."

శ్మశానంలో గుంతలు తవ్వే అతను
పేరు రాయొద్దన్నాడు.
ఓవర్‌టైము బాగా వచ్చిందట.
ఆ డబ్బుతో కూతురి పళ్ళకు తీగ వేయించాడట.
"అది నవ్వినప్పుడల్లా లెక్కపెడతాను" అన్నాడు.
కాసేపాగి,
"పళ్ళు కాదు" అన్నాడు.

పైఅధికారి నుంచి చీటీ:
మీ దగ్గర 'చెప్పలేను' టిక్కులు మరీ ఎక్కువవుతున్నాయి.
దయచేసి తగ్గించగలరు.

నన్నెవరూ అడగలేదు.
అడిగితే మా అన్న అన్సెల్ము సంగతి చెప్పేదాన్ని.
నాన్న పడవ అమ్మకం దగ్గర చెడి
పదకొండేళ్ళు మాకు మాటల్లేవు.
ఊళ్ళన్నీ తలుపులు మూసుకున్న మార్చిలో
ఫోన్ చేసి "బతికే ఉన్నావా?" అన్నాడు.
అంతే, క్షమాపణ అదే.
ఆ తర్వాత రోజూ సాయంత్రం ఏడింటికి.
పడవ ఊసు ఇద్దరం ఎత్తలేదు.
సూపులో క్యాబేజీ ఎప్పుడెయ్యాలి,
ఉప్పు ముందా వెనకా,
వాడికి వంట రాదు, నాకు ఓపిక లేదు,
నలభై ఒక్క సాయంత్రాలు పోట్లాడుకున్నాం.
నలభై రెండో రోజు ఏడయింది.
ఏడుంబావయింది.

లాభం గూబల్లోకి వచ్చిందంటారే,
ఆ మాటకు అర్థం నాకు చెవితోనే తెలిసింది.
ఇప్పటికీ ఏడయితే
కుడి చెవి కాస్త వెచ్చబడుతుంది.

రోగం రాకపోతే వాడు ఫోన్ చేసేవాడు కాదు.
రోగం రాకపోతే వాడు ఉండేవాడు,
పదకొండు పన్నెండయ్యేది, పదమూడయ్యేది,
పక్క ఊళ్ళోనే, క్షేమంగా, పలకకుండా.

రెండు గడుల మధ్య గీత మీద
పెన్సిలు ఆనించి కూర్చున్నాను.
ఆ చోట కాగితం పలచబడింది.
కొత్త కాగితం తీసి
తర్వాతి నంబరు కొట్టాను.
"పొయ్యి దగ్గరున్నాను, త్వరగా అడుగు" అంది ఎవరో పెద్దావిడ.
గిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు.

"సూపా?" అన్నాను.
కాగితంలో లేని ప్రశ్న.